పదేళ్ల వారంటీ మోటారుకి, కారేది మాత్రం రబ్బరు

షోరూంలో ఏ వాషింగ్ మెషీన్ ముందు నిలబడినా డోర్ మీద ఓ పెద్ద స్టిక్కర్ కనిపిస్తుంది: పదేళ్ల వారంటీ. కొన్నింటి మీద ఇరవయ్యేళ్లు అని కూడా ఉంటుంది. దగ్గరికెళ్లి కింద ఉన్న చిన్న అక్షరాలు చదివితే అది మోటారుకి మాత్రమే అని తెలుస్తుంది. మొత్తం మెషీన్‌కి ఇచ్చేది మామూలుగా రెండేళ్లు, ఆఫర్ ఉంటే ఇంకాస్త ఎక్కువ. అందులోనూ రబ్బరు, ప్లాస్టిక్ భాగాల దగ్గరికొచ్చేసరికి వారంటీ కార్డులో ఏదో ఒక మినహాయింపు తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో మెషీన్ ఎందుకు పాడైందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మోటారు కాలిపోయిందని విన్నది ఎంత? 'కింద నీళ్లు కారుతున్నాయి' అని విన్నది ఎంత? నేను విన్నదంతా దాదాపు రెండోదే. నీళ్లు కారే మెషీన్‌లో మోటారుకి ఏ పాపమూ తెలియదు. డోర్ గాస్కెట్, పైపులు, క్లిప్పులు, వాషర్లు, పంపు దగ్గరి ఓ-రింగ్, డ్రమ్ము వెనక సీల్... కారేవన్నీ ఇవే. వీటిలో ఒక్కటి కూడా స్పెక్ షీట్‌లో ఉండదు. ఏ రివ్యూలోనూ ఉండదు, మన సైట్‌తో సహా. ఐపీ68 అని డబ్బా మీద గొప్పగా రాసి, నీళ్లలో పడితే మాత్రం వారంటీ రాదని లోపలి కాగితంలో రాసే ఫోన్ల సంగతి మనకి బాగా తెలుసు కదా. అదే కథ, సైజు పెద్దది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. లీక్ ఎక్కడుందో కనిపెట్టే పని మెకానిక్‌ది కాదు, ఇంట్లో వాళ్లది. రిపేర్ ఎవరైనా చేయొచ్చు. డయాగ్నసిస్ మాత్రం మనమే చేయాలి. దానికి కారణం తెలివితేటలు కాదు, టైమ్. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో ఒక కాటన్ సైకిల్ రెండు గంటల పైనే నడుస్తుంది. అందులో లీక్ కనిపించేది ఏ నాలుగు నిమిషాలో. రోజుకి అన్ని ఇళ్లు తిరగాల్సిన టెక్నీషియన్ మీ ఇంట్లో పది నిమిషాలు ఉంటాడు, అదీ మెషీన్ ఆగి ఉన్నప్పుడు. ఆయన చెప్పేది అనుభవంతో వేసిన అంచనా మాత్రమే. చాలాసార్లు నిజమే అవుతుంది, కొన్నిసార్లు కాదు. కానప్పుడు ఆ ఖర్చు మనది.

ఎప్పుడు కారుతోంది?

ఫోన్ హ్యాంగ్ అవుతుంటే మనం ఏం చేస్తాం? ఏ యాప్ ఓపెన్ చేసినప్పుడు అవుతోంది, చార్జింగ్‌లో ఉన్నప్పుడా, డేటా ఆన్ చేసినప్పుడా అని చూస్తాం. వాషింగ్ మెషీన్ లీక్‌కి కూడా అదే పద్ధతి. 'ఎక్కడ' అన్న ప్రశ్న పక్కన పెట్టి ముందు 'ఎప్పుడు' అని అడగండి. ఎందుకంటే 'ఎక్కడ' మోసం చేస్తుంది. మన బాత్రూములు, యుటిలిటీ బాల్కనీలు అన్నీ ఏదో ఒక మూలకి వాలు పెట్టి కట్టినవే. కుడిపక్కన కారిన నీళ్లు ఎడమ మూలన మడుగు కడతాయి. మడుగు చూసి మెషీన్‌లో ఆ వైపు భాగం మీద నిందేస్తే అన్యాయం.

ముందు నేల పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. మెషీన్ నాలుగు పక్కలా, అంచు కిందికి కాస్త దూర్చి, పాత పేపర్లు పరవండి. పేపరు మీద ఒక్క చుక్క పడినా మచ్చ కనిపిస్తుంది, ఏ పక్క ముందు తడిసిందో తెలుస్తుంది. ఫోన్‌ని ఓ స్టూల్ మీద పెట్టి టైమ్‌ల్యాప్స్ ఆన్ చేసి వదిలేయండి. మెషీన్ డిస్‌ప్లే, కింద పేపరు రెండూ ఫ్రేమ్‌లో ఉండాలి. రెండు గంటల సైకిల్‌ని తర్వాత నిమిషంలో చూసేయొచ్చు. పేపరు తడిసిన క్షణంలో డిస్‌ప్లే మీద ఎన్ని నిమిషాలు మిగిలి ఉన్నాయో చూడండి. అదే మీ అసలు క్లూ.

మెషీన్ ఆఫ్‌లో ఉండి, కుళాయి తిప్పి ఉన్నప్పుడు కారితే లోపలికి చూడాల్సిన పనే లేదు. కుళాయికి పెట్టిన అడాప్టర్, ఇన్‌లెట్ పైపు, రెండు చివర్లా ఉండే వాషర్లు, ఇవే చూడాలి. మామూలు కుళాయికి నాలుగు స్క్రూలతో బిగించే అడాప్టర్ ఉంటుంది చూశారా, నా దృష్టిలో మన ఇళ్లలో లీకులకి మొదటి అనుమానితుడు అదే. స్పిన్‌లో మెషీన్ ఊగినప్పుడల్లా పైపు దాన్ని లాగుతుంది, స్క్రూలు మెల్లగా వదులవుతాయి. దాని బదులు ముప్పావు అంగుళం థ్రెడ్ ఉన్న మెషీన్ కుళాయి పెట్టించుకుంటే ఆ గోల వదిలిపోతుంది. ఇంకో మాట: పైపు నట్టు దగ్గర కారుతోందని థ్రెడ్ మీద టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలుగా చుడతారు. అక్కడ నీళ్లని ఆపేది థ్రెడ్ కాదు, లోపలున్న చదునైన రబ్బరు వాషర్. అది గట్టిపడితే ఎంత టేపు చుట్టినా దండగ. వాషర్ మార్చి, చేత్తో బిగించి, ప్లయర్‌తో ఓ పావు తిప్పు తిప్పితే చాలు.

నీళ్లు నిండుతున్నప్పుడు మాత్రమే కారితే పైభాగం వైపు చూడాలి: ఇన్‌లెట్ వాల్వ్, అక్కడి నుంచి సబ్బు డ్రాయర్‌కి వెళ్లే పైపు, డ్రాయర్. డ్రాయర్ కథ మన ఊళ్లలో కాస్త ప్రత్యేకం. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి ప్రెషర్ ఉంటుంది, పది మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్‌కి ఒకటిన్నర బార్ దాకా వస్తే, పై ఫ్లోర్ వాళ్లకి 0.3 బార్ రావడం కూడా కష్టం. చాలా మాన్యువల్స్‌లో కనిష్ఠ ప్రెషర్ 0.3 నుంచి 0.5 బార్ దగ్గర ఉంటుంది. అంటే పై ఫ్లోర్‌లో డ్రాయర్‌లోని పౌడర్ సరిగ్గా కొట్టుకుపోదు, ముద్దకట్టి దారి మూసేస్తుంది, ఏదో రోజు నీళ్లు డ్రాయర్ ముందు నుంచే బయటికొస్తాయి. దానికి తోడు బోరు నీళ్ల సున్నం. డ్రాయర్ పూర్తిగా బయటికి లాగి, వేడి నీళ్లు, పాత టూత్‌బ్రష్, కాస్త నిమ్మ ఉప్పుతో రుద్దితే సగం ఇళ్లలో లీకు అక్కడే ఆగిపోతుందని నా నమ్మకం. డ్రాయర్ పెట్టే గూడు పైభాగంలో చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మర్చిపోవద్దు.

చేత్తో ఉతికే పౌడరు ఫ్రంట్ లోడ్‌లో పోస్తే నురగ పొంగి అదే డ్రాయర్ లోంచి బయటికొస్తుంది. అది లీకు కాదు, పౌడరు పొదుపు తెచ్చిన తంటా. పేపరు మీద నురగ మచ్చ వేరేగా ఉంటుంది, ఎండాక తెల్లగా తేలుతుంది.

ఉతుకుతున్నంతసేపూ, డ్రమ్ము తిరిగినప్పుడల్లా ముందు వైపు కారితే డోర్ గాస్కెట్. మడత విప్పి కింది భాగం, అంటే గడియారంలో 5 నుంచి 7 మధ్య భాగం, టార్చ్ వేసి చూడండి. జేబులో మర్చిపోయిన నాణెం, హెయిర్‌పిన్, పిల్లల స్కూల్ బ్యాడ్జి పిన్ను, ఏదో ఒకటి అక్కడే చేరి రబ్బరుని కోస్తుంది. ఉతికాక ఆ మడతలో కాసిని నీళ్లు నిలవడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. గ్లాసు అంచున పేరుకున్న జిడ్డు, ఇరుక్కున్న ఓ దారప్పోగు కూడా డోర్‌ని సరిగ్గా మూసుకోనివ్వదు. కాబట్టి గాస్కెట్ ఆర్డర్ పెట్టే ముందు ఓ తడిబట్టతో తుడిచి మళ్లీ ఓ సైకిల్ తిప్పి చూడండి.

నీళ్లు బయటికి పంపేటప్పుడు కారితే కింద ముందువైపు చిన్న మూత వెనక ఉండే పంపు ఫిల్టర్, లేదా డ్రెయిన్ పైపు. ఫిల్టర్ శుభ్రం చేసి తిరిగి పెట్టినప్పుడు ఓ-రింగ్ మీద వెంట్రుకో ఇసుకో ఉంటే చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. అయితే ఈ దశలో అన్నింటికంటే ముందు చూడాల్సింది మెషీన్‌ని కాదు, నహానీ ట్రాప్‌ని. పంపు ఒక్కసారిగా తోసే నీళ్లని వెంట్రుకలతో మూసుకుపోయిన ట్రాప్ మింగలేదు, వెనక్కి కక్కుతుంది. చూసేవాళ్లకి మెషీన్ కింద నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఒకసారి డ్రెయిన్ పైపు చివర తీసి, పాత ఎత్తులోనే పట్టి, పెద్ద బకెట్‌లో పెట్టి చూడండి. నేల పొడిగా ఉంటే పిలవాల్సింది ప్లంబర్‌ని.

ఇంకా తేలకపోతే నీలిమందు ఉంది. బట్టల్లేకుండా, డ్రమ్ములోకి నేరుగా నాలుగు చుక్కలు వేసి సైకిల్ పెట్టండి. పేపరు మీద నీలం మచ్చ పడితే ఆ నీళ్లు టబ్బులోంచి వచ్చినవి: గాస్కెట్, కింది పైపులు, పంపు, సీల్, వీటిలో ఒకటి. మచ్చకి రంగు లేకపోతే ఆ నీళ్లు ఇంకా టబ్బులోకి చేరనే లేదు: కుళాయి, వాల్వ్, పై పైపు, డ్రాయర్. నాలుగు చుక్కల నీలిమందుతో మెషీన్‌లో సగం భాగాలు నిర్దోషులుగా బయటపడతాయి. ఇంత చవకైన డయాగ్నస్టిక్ టూల్ నేను ఇంకెక్కడా చూడలేదు.

మా మెషీన్ సంగతి

ఇదంతా థియరీ కాదు. మా ఇంట్లో ఏడేళ్ల ఫ్రంట్ లోడ్ ఉంది. ఆ మధ్య వెనక వైపు నీళ్లు రావడం మొదలైంది. వచ్చిన టెక్నీషియన్ వెనక్కి ఒంగి చూసి, "టబ్ సీల్ పోయింది సార్. ఈ మోడల్‌కి సీల్ విడిగా రాదు, టబ్ సెట్ మొత్తం మార్చాలి" అన్నాడు. చెప్పిన రేటు కొత్త మెషీన్ ధరలో దాదాపు సగం. ఆ వెంటనే, "దీనికంటే ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసుకోవడం మంచిది" అన్నాడు. మనిషి మర్యాదస్తుడే, వెనకాల తడి ఉందంటే సీల్ అనుకోవడంలో తప్పు కూడా లేదు. మా అమ్మ అయితే అప్పటికే, "పోనీలేరా, ఏడేళ్లు చేసింది కదా" అని దానికి వీడ్కోలు చెప్పేసింది.

సీల్ పోతే నీళ్లు టబ్బులో ఉన్నంతసేపూ, ముఖ్యంగా డ్రమ్ము తిరిగేటప్పుడు కారాలి. టైమ్‌ల్యాప్స్‌లో అలా లేదు. మొదలుపెట్టిన నిమిషంలోపే పేపరు తడిసింది, నీళ్లు నిండడం ఆగగానే తడి పెరగడమూ ఆగింది. మళ్లీ ప్రతి రిన్స్‌కి నీళ్లు తీసుకున్నప్పుడు అదే వరస. నీలిమందు వేశాం, మచ్చకి రంగు లేదు. స్పిన్‌లో రొద లేదు, ఆఫ్‌లో డ్రమ్ముని చేత్తో పైకి కిందికి కదిపితే ఆట లేదు. ఇక సీల్ అనడానికి ఆధారమేముంది?

ప్లగ్ పీకి, కుళాయి కట్టేసి, వెనక రెండు స్క్రూలు విప్పితే పై మూత జరిగి వచ్చేస్తుంది. వాల్వ్ నుంచి డ్రాయర్ గూటికి వెళ్లే పైపులకి, ప్రతి జాయింట్‌కీ ఒక టిష్యూ పేపరు చుట్టాం. మూత మళ్లీ పెట్టేసి, ఒక్కసారి నీళ్లు నింపించి, ప్లగ్ పీకి మళ్లీ తెరిచాం. (మూత తీసిన మెషీన్‌ని ఆన్‌లో పెట్టి లోపల తొంగిచూసే వీడియోలు చాలా ఉన్నాయి. వద్దు. టిష్యూ ఆ పని మీ బదులు చేసిపెడుతుంది.) నాలుగు టిష్యూలు పొడిగా ఉన్నాయి, ఒకటి నానిపోయింది. జానెడు రబ్బరు పైపు, క్లిప్ కింద వెంట్రుకంత చీలిక. అక్కడ కారిన నీళ్లు వెనక రేకు వెంబడి జారి, సరిగ్గా టబ్ సీల్ కారితే ఎక్కడ పడతాయో అక్కడే పడుతున్నాయి.

చీలికని కనిపెట్టడానికి ఓ ఆదివారం పొద్దు పట్టింది. ఆ పైపు సంపాదించడానికి తొమ్మిది రోజులు పట్టింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ పైపు కస్టమర్లకి విడిగా అమ్మరట, టెక్నీషియన్ వచ్చి 'చూసి' పెట్టాలట. పార్ట్ నంబర్ అడిగితే అది తమ దగ్గర ఉండదన్నారు. అదే కంపెనీ మెషీన్లకి విదేశీ స్పేర్ పార్టుల సైట్లలో బొమ్మలతో సహా నంబర్లు ఉన్నాయి! చివరికి కోఠి వైపు ఓ స్పేర్ల షాపులో పెద్దాయన మా పాత పైపుని వేళ్ల మధ్య తిప్పి చూసి, అటక మీది అట్టపెట్టెలోంచి అలాంటిదే తీసిచ్చాడు. క్లిప్‌తో కలిపి ఒక ప్లేట్ బిర్యానీ ధర కూడా కాలేదు. బిగించడానికి పావుగంట.

ఎక్కడ ఆగాలి

అన్నీ ఇంట్లోనే చేసేయండి అని నేను చెప్పడం లేదు. వారంటీలో ఉన్న మెషీన్ మూత విప్పకండి. పేపర్లు, టైమ్‌ల్యాప్స్, నీలిమందు, ఇవి చాలు. ఆ వీడియో టెక్నీషియన్‌కి చూపించండి, 'సీల్ అయ్యుంటుంది' అన్న మాట అక్కడే ఆగిపోతుంది. నీళ్లు, కరెంటు ఒకేచోట ఉన్న సరుకు ఇది. తడి నేల మీద ఉత్తకాళ్లతో నిలబడి మెషీన్ రేకు ముట్టుకోకండి, ముందు మెయిన్ దగ్గర స్విచ్ కట్టేయండి. ముట్టుకుంటే జిల్లుమంటోందంటే లీకు సంగతి తర్వాత, ముందు ఎర్తింగ్ చూపించండి. ఇంట్లో 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ లేకపోతే మెషీన్ కంటే ముందు అది కొనాలి. టాప్ లోడ్, సెమీ ఆటోమేటిక్‌లలో మోటారుకి కెపాసిటర్ ఉంటుంది, ప్లగ్ పీకినా అందులో చార్జ్ మిగిలే అవకాశముంది. ఎక్కడుందో తెలియకపోతే అటు చెయ్యి పెట్టొద్దు.

గాస్కెట్ మార్చడం ఓపికున్నవాళ్లు చేసుకోగల పని. ముందు క్లిప్ తీగ విప్పడం సులువు, తిరిగి ఎక్కించడానికి నాలుగు చేతులు కావాలి. పాతది తీసేముందు పైభాగంలో ఉండే గుర్తు, కింది రంధ్రాలు ఎక్కడున్నాయో ఫొటో తీసుకోండి. కొత్తది ఆ గుర్తుకి సరిగ్గా కలవాలి. ఎం-సీల్, సూపర్ గ్లూ మాత్రం రబ్బరు మీద వాడకండి. అవి గట్టిపడతాయి, రబ్బరు కదులుతుంది, నాలుగు సైకిళ్లకి ఊడొస్తుంది.

డ్రమ్ము వెనక సీల్, బేరింగ్ నిజంగానే పోతే అది ఇంటిపని కాదు. వెనక మధ్యలోంచి దిగిన తుప్పు రంగు చారలు, స్పిన్‌లో విమానం లేచినట్టు రొద, చేత్తో తిప్పితే గరగర, ఇవి దాని లక్షణాలు. సీల్ కారితే ఆ నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి, గ్రీజు కొట్టుకుపోయి బేరింగ్ తుప్పు పడుతుంది. అందుకే దాన్ని నెలల తరబడి వాయిదా వేయకూడదు. మంచి మెకానిక్‌ని పిలవండి. ఆయన రాగానే ఒక ప్రశ్న అడగండి: ఈ టబ్బు విప్పొచ్చా, లేక అతికించేసిందా?

పార్టు ఎవరిది?

అసలు గొడవ ఇక్కడే ఉంది. బయటి టబ్బు రెండు ప్లాస్టిక్ సగాలుగా తయారవుతుంది. స్క్రూలతో బిగించిన టబ్బుని విప్పి సీల్, బేరింగ్ మార్చుకోవచ్చు. ఇప్పుడు కొన్ని మోడళ్లలో ఆ రెండు సగాల్నీ కరిగించి అతికించేస్తున్నారు. తయారీ సులువు, స్క్రూలు మిగిలాయి, ఆ జాయింట్ దగ్గర కారే భయం తగ్గింది. అదంతా నిజమే. కానీ ఆ తర్వాత కొన్ని వందల రూపాయల బేరింగ్ కోసం వేల రూపాయల టబ్బు మొత్తం కొనాలి. బ్యాటరీని జిగురుతో అతికించిన ఫోన్లని మనం ఎంత తిట్టామో గుర్తుందా? వాషింగ్ మెషీన్ టబ్బు గురించి ఒక్క యూట్యూబర్ అయినా గొంతెత్తాడా?

యూరప్‌లో 2021 మార్చి 1 నుంచి అమలవుతున్న ఎకోడిజైన్ రూల్స్ ప్రకారం ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా పదేళ్లపాటు స్పేర్లు దొరకాలి, ఆర్డర్ ఇచ్చిన 15 పనిదినాల్లో అందాలి. డోర్, డోర్ సీల్, ఇతర సీళ్లు, సబ్బు డ్రాయర్ లాంటివి మామూలు జనానికి కూడా అమ్మాలి. పైపులు, వాల్వులు, పంపులు మాత్రం ప్రొఫెషనల్ రిపేరర్లకే. బేరింగ్ విషయంలో ఓ కిటుకు కూడా ఉంది: డ్రమ్ముతో కలిపి గానీ విడిగా గానీ ఇవ్వొచ్చు అని రాశారు, అంటే అతికించిన టబ్బుకి అక్కడా తలుపు తెరిచే ఉంది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫ్రంట్ లోడ్ మెషీన్ల పక్కన ధర చీటీతో పాటు పదికి ఇన్ని అని రిపేరబిలిటీ మార్కు కూడా పెట్టించారు. షోరూంలోనే కనిపించేది, కొన్నాక కాదు.

మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. అందులో ఫోన్లతో పాటు గృహోపకరణాలు కూడా ఒక విభాగం. తర్వాత రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం వేసిన కమిటీ 2025లో రిపోర్టు ఇచ్చింది. ఎంత సులువుగా విప్పొచ్చు, స్పేర్లు దొరుకుతాయా, ఎంత ధర, రిపేర్ సమాచారం ఇస్తున్నారా, ఇలాంటివి కొలవాలంది. మంచిదే. కానీ మొదలుపెట్టమన్నది ఫోన్లు, ట్యాబ్లెట్లతో. ఫోన్ డిస్‌ప్లే పోతే మనకి జగదీష్ మార్కెట్ ఉంది, పార్టు ఒరిజినలో కాదో చూసి చెప్పేవాళ్లున్నారు, ఎలా విప్పాలో పది వీడియోలున్నాయి. మూడేళ్లకోసారి మార్చేసే వస్తువుకి ఇన్ని దారులు. పదిహేనేళ్లు ఉండాల్సిన వస్తువుకి జానెడు పైపు కోసం తొమ్మిది రోజులు. నన్నడిగితే ఇండెక్స్ వాషింగ్ మెషీన్‌తో మొదలవ్వాల్సింది.

కంపెనీల వాదన కూడా ఉంది: కస్టమర్ తనే విప్పి షాక్ కొట్టించుకుంటే బాధ్యత ఎవరిది? మోటారు, బోర్డు విషయంలో ఆ భయం నాకు అర్థమవుతుంది. గాస్కెట్‌కి, సబ్బు డ్రాయర్‌కి, ప్లగ్ పీకాక మార్చే రబ్బరు పైపుకి కూడా అదే సమాధానం చెప్తే మాత్రం ఒప్పుకోలేను. స్కూటర్ బ్రేకు లైనర్లు ఏ స్పేర్ల షాపులో అడిగినా కౌంటర్ మీద పెడతారు. బ్రేకు కంటే గాస్కెట్ ప్రమాదకరమా?

ఇక స్మార్ట్ ఫీచర్ల సంగతి. మెషీన్‌కి వైఫై ఉంది, బట్టలు అయిపోయాయని ఫోన్‌కి నోటిఫికేషన్ పంపుతుంది, మన దుస్తుల మురికిని ఏఐతో కొలుస్తానంటుంది. కానీ కింద చెరువు కట్టినా చాలా మెషీన్లకి తెలియదు. అడుగున చిన్న ట్రే, అందులో తేలే ఫ్లోట్, దానికో స్విచ్: నీళ్లు చేరగానే ఇన్‌లెట్ మూసేసి ఎర్రర్ చూపించే ఈ ఏర్పాటు దశాబ్దాల నాటిది, కొన్ని కంపెనీల మోడళ్లలో ఇప్పటికీ ఉంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి కింది ఫ్లోర్ వాళ్ల సీలింగ్ మీద మచ్చ పడ్డాక జరిగే సంభాషణ ఎలా ఉంటుందో తెలుసు. వైఫైకి ఎక్కువ డబ్బులు ఇచ్చేవాళ్లు ఆ ఫ్లోట్ స్విచ్ ఉందా అని కూడా అడగండి. లేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న వాటర్ లీక్ అలారం ఒకటి మెషీన్ వెనక పడేయండి, గోల చేస్తుంది.

మన సైట్‌లో వాషింగ్ మెషీన్ రివ్యూలు ఎలా ఉండాలో కూడా నాకో పట్టుదల ఉంది. ఎన్ని ప్రోగ్రాములు, ఎన్ని ఆర్‌పీఎం, డిస్‌ప్లే ఏ రంగు అన్నది డబ్బా మీదే ఉంటుంది, దానికి మనమెందుకు? రివ్యూ చివర ఓ చిన్న పట్టిక పెడదామని ఎడిటర్‌ని అడుగుతున్నాను. డోర్ గాస్కెట్ ధర ఎంత, కస్టమర్‌కి నేరుగా అమ్ముతారా. టబ్బు స్క్రూలదా, అతికించిందా. కింద ఫ్లోట్ స్విచ్ ఉందా. పార్ట్ నంబర్ల జాబితా పబ్లిక్‌గా ఉందా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ నాలుగూ అడగడానికి అరగంట చాలు. వచ్చే నెల రాబోయే రెండు ఫ్రంట్ లోడ్ల రివ్యూకి ఆ ఫోన్ కాల్స్ నేనే చేస్తున్నాను. మీ ఇంట్లో మెషీన్‌కి గాస్కెట్ ఎంతకి దొరికింది, ఎన్ని రోజులకి దొరికింది అన్నది మోడల్ పేరుతో సహా రాసి పంపండి, ఆ పట్టికలో కలుపుతాను.